రాజభక్తి ఒక్కటే కారణమా?

1660లో ఇంగ్లండ్‌లో రాచరికం తిరిగి రావడానికి ప్రజల రాజభక్తే కారణమని నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు. నేను ఏకీభవించలేను. 1649లో మొదటి చార్లెస్ తల నరికిన తర్వాత ఏర్పడిన గణతంత్రం ఏనాడూ స్వేచ్ఛగా ఎన్నికైన పార్లమెంటు మీద నిలబడలేదు, సైన్యం మీద నిలబడింది. 1653లో సైన్యాధిపతి క్రామ్‌వెల్ సైనికులతో వెళ్లి పార్లమెంటు సభ్యులను బయటికి వెళ్లగొట్టిన రోజే దాని పునాది కదిలింది. 1658లో ఆయన మరణించాక గద్దెనెక్కిన కొడుకు రిచర్డ్‌కు సైన్యంలో పలుకుబడి లేదు. ఖజానా ఖాళీ, సైనికుల జీతాలు బకాయి. తొమ్మిది నెలలు నిండకుండానే ఆయన దిగిపోవలసి వచ్చింది. ఆపైన సైన్యాధికారులే 1653లో వెళ్లగొట్టిన ఆ పాత పార్లమెంటును పిలిచారు, 1659 అక్టోబరులో వాళ్లే దాని తలుపులు మూశారు! ఇంత అస్థిరతను ఏ వర్తకుడు, ఏ రైతు ఎంతకాలం భరిస్తాడు? 1660 ఫిబ్రవరిలో లండన్ నగర మండలి పన్నులు కట్టబోమన్నది. స్కాట్లండ్ నుంచి సైన్యంతో వచ్చిన జనరల్ మంక్, 1648లో సైన్యం గెంటివేసిన సభ్యులను మళ్లీ సభలో కూర్చోబెట్టాడు. ఇక ప్రవాసంలో ఉన్న మొదటి చార్లెస్ కొడుకు రెండవ చార్లెస్, తిరిగి రాజు కావడానికి ముందు బ్రెడా పట్టణం నుంచి చేసిన ప్రకటనలో క్షమాభిక్షతో పాటు మంక్ సైనికుల జీతం బకాయిలు తీరుస్తానని కూడా మాట ఇచ్చాడు. వ్యాసంలో ఈ విషయం ప్రస్తావించకపోవడం పెద్ద లోపం.