జంటనగరాల నుంచి జంట సుడులకు

బేగంపేట, హైదరాబాద్

మహారాజశ్రీ జంట సుడులవారి సముఖమునకు,

జంటనగరాలలో పుట్టి పెరిగి, ప్రస్తుతం బేగంపేట రన్‌వే పక్కన సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానపు ఎడమ సీటులో కూర్చుని తమరి దయకోసం ఎదురుచూస్తున్న ఒక విద్యార్థిని నమస్కరించి చేసుకొనే విన్నపం. పైలట్లు తమరిని వేక్ టర్బులెన్స్ అంటారు. ఆ పిలుపులో తగినంత మర్యాద లేదని నాకు తోచింది. పెద్ద విమానపు రెండు రెక్కల కొసలనుంచి గాలి సుడులుగా ఇద్దరు పుట్టి, ఒకరు సవ్యంగా, ఒకరు అపసవ్యంగా తిరుగుతూ, కన్నవారు మబ్బుల్లో కలిసిపోయిన తర్వాత కూడా రన్‌వేను వదలని తమరిని జంట సుడులు అనడమే మా ఊరి సంప్రదాయానికి తగినది.

ముందుగా నా లెక్క చెప్పుకోనివ్వండి. వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. నేను నేర్చుకునే చోట విమానం గాలిలో ఉన్నా, నేలమీద ఉన్నా, ఇంజిన్ తిరిగిన ప్రతి నిమిషానికీ రుసుము ఉంది. మొన్న శ్రావణంలో ఎవరో ప్రముఖులు తమ ప్రత్యేక జెట్టులో మా ముందే లేచారు. మా విమానం నిండా నింపినా 757 కిలోలకు మించకూడదు. వారిది దానికి దాదాపు 100 రెట్లు. మేము రెండు నిమిషాలు ఆగవలసి వచ్చింది. రన్‌వే ఖాళీ, ఆకాశం ఖాళీ, ప్రొపెల్లరు తిరుగుతోంది, మా నాన్న అప్పు చేసి కట్టిన డబ్బు కరుగుతోంది. "సార్, జెట్టు వెళ్ళిపోయిందిగా" అన్నాను. "వాళ్ళు వెళ్ళారమ్మా, వాళ్ళ గాలి ఇంకా వెళ్ళలేదు" అన్నారు మా శిక్షకుడు, గడియారం మీదనుంచి చూపు తిప్పకుండా. పచ్చలైటు పడకముందే వెనుకనుంచి హారన్ మోగే ఊరిలో, ఎదుట ఎవరూ లేని దారిలో మేము రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డామంటే, ఆ ఘనత పూర్తిగా తమరిదే. కాన్వాయ్ వెళ్ళేదాకా దారి ఆపించడం మేము ఎరిగినదే. వెళ్ళిన తర్వాత కూడా ఆపించగల హోదా ముఖ్యమంత్రులకు సైతం లేదు.

తమరి వంశం గొప్పదే, కాదనను. రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి రెక్క కొసను చుట్టి పైకి ఎక్కబోతుంది, విమానం ముందుకు సాగుతుంటే ఆ తిరుగుడు వెనుక తాడులా పేనుకుంటుంది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు ఈ సంగతిని 1907లోనే రాసిపెట్టాడు. అయినా చాలాకాలం పైలట్లు ఆ కుదుపును ముందు విమానపు ప్రొపెల్లరు గాలి అనే అనుకున్నారు. పని తమరిది, నింద ప్రొపెల్లరుది. విమానాన్ని మోసే బలమే తమరిని కంటుంది కాబట్టి తమరు వెంట లేకుండా ఏ విమానమూ ఎగరలేదు. మా సెస్నా వెనుక కూడా బుల్లి సుడులు ఉన్నాయి, వాటికి తూనీగ కూడా దారి ఇవ్వదు. బరువుగా, నెమ్మదిగా, ఫ్లాపులు (రెక్కల వెనుక అంచున దించే పలకలు) ముడుచుకుని వెళ్ళే విమానం వెనుక తమరి బలం అన్నిటికంటే ఎక్కువట.

తమరికోసం మనుషులు ఆకాశంలోనూ అంతస్తులు కట్టారు. 7 టన్నుల లోపు లైట్, 136 టన్నుల లోపు మీడియం, ఆపైన హెవీ, ఏ380 వంటి మహాకాయానికి సూపర్. హెవీ పైలట్ కంట్రోల్ టవర్‌తో మాట కలిపేటప్పుడు విమానం పిలుపుపేరు చివర "హెవీ" అనే మాట చేర్చి చెప్పాలి, వెనుకటికి రావుబహద్దూరు బిరుదు చేర్చినట్లు. మాది లైట్ అని చెప్పమని ఎవరూ అడగరు. అయితే తమరి బలాన్ని బరువుతోనే తూచడం ఎంత పొరపాటో బోయింగ్ 757 చూపించింది. కాగితం మీద అది మీడియం. దాని వెనుక వచ్చే తమరు హెవీల సంతానానికి తీసిపోరు. 1992 డిసెంబరులో అమెరికాలోని బిల్లింగ్స్ దగ్గర, మరుసటి డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా దగ్గర, 757 వెనుక దిగుతున్న రెండు చిన్న జెట్లను తమరు తిరగేశారు. 13 మంది పోయారు. ఆ తర్వాతే అక్కడ 757 వెనుక ఎడం పెంచారు. ఆ విమానం అంకె, మా విమానం కిలోలు ఒకటే కావడం కాకతాళీయమే గానీ, రాత్రి చదువుకుంటూ ఆ అంకె దగ్గర కాసేపు ఆగిపోయాను.

ఇక అసలు ఫిర్యాదు. టేకాఫ్ వేళ తమరినుంచి తప్పించుకునే ఉపాయం పుస్తకంలో చాలా సులువుగా ఉంటుంది: పెద్ద విమానం ముక్కు ఎత్తిన చోటే తమరి జననం గనుక, ఆ చోటు రాకముందే నేల విడవాలి. అది మాకు కష్టం కాదు. 3 కిలోమీటర్లకు పైబడిన బేగంపేట రన్‌వేలో మాకు మొదటి కొన్ని వందల మీటర్లు చాలు. కష్టమంతా ఆ తర్వాతే. జెట్టు నిమిషానికి రెండు మూడు వేల అడుగులు ఎక్కుతుంది. మేము ఈ ఎండలో, సముద్రమట్టానికి 1,700 అడుగులకు పైనున్న పీఠభూమి పలుచని గాలిలో, ఇద్దరిని మోసుకుంటూ ఐదారు వందలు ఎక్కితే పండగ. అంటే, ముందుగా నేల విడిచినా, కాసేపటికే దాని దారికి దిగువన ఉంటాం. తమరేమో నిమిషానికి 300 నుంచి 500 అడుగుల చొప్పున కిందికి దిగుతూ ఉంటారు. దిగే తమరూ ఎక్కే మేమూ ఎదురుపడే చోట మాకు ఎత్తూ ఉండదు, వేగమూ ఉండదు. తమరు ఒక రెక్కను పట్టి లేపితే, కంట్రోలును చివరిదాకా తిప్పినా విమానం మాట వినకపోవచ్చు. 2017 జనవరిలో అరేబియా సముద్రం మీద, వెయ్యి అడుగుల ఎగువన ఎదురుగా ఒక ఏ380 దాటిపోయాక, తమరు చాలెంజర్ అనే ఒక చిన్న జెట్టును పొర్లిస్తే అది సుమారు 9,000 అడుగులు పడి తేరుకుంది. పడడానికి దాని కింద 34,000 అడుగులు ఉన్నాయి. సనత్‌నగర్ మేడల మీద మాకు 400 ఉంటాయి.

అందుకే తమరు ఎదురుపడకముందే గాలి వచ్చే వైపుకు తిరిగిపొమ్మంటారు. ఆ గాలి సంగతి మరీ చిత్రం. గాలి లేని రోజున తమరు నేల దగ్గర చెరోవైపుకు నడకవేగంతో విడిపోతారు. గట్టి గాలి వీస్తే ఇద్దరినీ ఊడ్చుకుపోతుంది. గంటకు ఆరేడు కిలోమీటర్ల పిల్లగాలి పక్కనుంచి వీస్తేనే ప్రాణసంకటం. మేము పడమరగా లేచే రోజున దక్షిణపు పిల్లగాలి తగిలిందా, దక్షిణానికి జరగవలసిన ఎడమ సుడివారు కదలలేక రన్‌వే నడుమనే నిలబడిపోతారు. గాలిసంచి అలా బద్ధకంగా ఊగుతుంటే మా సార్ రెండుకు బదులు మూడు నిమిషాలు ఆగుతారు. ఆ మూడో నిమిషం రుసుము కూడా నాదే.

ఇంతకూ ఈ బాధ్యత ఎవరిదని విచారిస్తే, ముందు వెళ్ళినవారిది మాత్రం కాదు. తమ వెనుక ఏమి తిరుగుతోందో చూసుకోవడానికి జెట్టుకు అద్దమైనా లేదు. టవర్ "కాషన్, వేక్ టర్బులెన్స్" అని ఒక హెచ్చరిక చెబుతుంది. కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే మాబోటివారు, కంటికే కనిపించని తమరిని తప్పించుకునే పని ఆ తర్వాత మా మీదే పడుతుంది. తమరిని పుట్టవద్దని అడగను. దయచేసి కాస్త కనిపించండి. చెమ్మగా ఉన్న ఉదయాల్లో రెక్కల కొసల వెంట తెల్లని దారంలా అప్పుడప్పుడు కనిపిస్తారు కదా, అంతమాత్రం చాలు.

టవర్ పిలుస్తోంది, ఉంటాను. గాలి ఈరోజు దక్షిణం నుంచి, మహా అయితే ఆరు కిలోమీటర్లు. సార్ మూడో నిమిషం లెక్కపెడుతున్నారు. లేవగానే ఎడమకు తిరుగుతామని అనుమతి అడిగాం.

ఇట్లు,
తమరికి నిమిషాల అద్దె బకాయి లేకుండా కడుతున్న,
757 కిలోల లోపలి విద్యార్థిని