వందల సైట్లలో ప్రెస్ నోట్ వేయిస్తే వ్యాపారం పెరగదు

చిన్న వ్యాపారాలు నడిపేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఒక్కో చోట ఒక్కోలా రాసి ఉన్నా విషయం ఇది: "యాడ్స్‌కి డబ్బు తగలేయకండి. ఒక ప్రెస్ నోట్ రాయించి వందల న్యూస్ సైట్లలో వేయించండి. గూగుల్‌లో పైకి వస్తారు, జనానికి నమ్మకం కుదురుతుంది. రోజూ పోస్ట్ పెట్టండి, రాసే పని ఏఐకి అప్పగించండి. రివ్యూలు కొనైనా సరే, రేటింగ్ నిలబెట్టుకోండి. ఆరు నెలల్లో కస్టమర్లు వాళ్లంతట వాళ్లే వస్తారు."

దీన్ని నమ్మి, ప్రెస్ నోట్‌ని వందల సైట్లలో వేయించిపెడతామనే ఏజెన్సీల ప్యాకేజీలు కొంటున్నవాళ్లలో ఎక్కువమంది ఒకరిద్దరు మనుషులతో నెట్టుకొస్తున్నవాళ్లే. వాళ్ల దగ్గర వృథా చేయడానికి డబ్బూ లేదు, టైమూ లేదు. అందుకే ఇందులో ఒక్కో మాటా ఎంతవరకు నిజమో చూద్దాం.

"వందల సైట్లలో లింకులు వస్తాయి, గూగుల్‌లో పైకి వెళ్తారు."

ఇది ఎప్పుడో చెల్లిపోయిన చిట్కా. ప్రెస్ నోట్లలో కీవర్డులు, అంటే జనం గూగుల్‌లో వెతికే మాటలు, ఇరికించి, వాటికి లింకులు తగిలించి ఊరంతా పంచడాన్ని గూగుల్ 2013లోనే లింకుల మోసాల జాబితాలో చేర్చింది. డబ్బిచ్చి వేయించుకున్న లింకుకి, దీన్ని ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే నోఫాలో అనే గుర్తు పెట్టాలి. ఆ గుర్తు 2005 నుంచీ ఉంది. 2019లో స్పాన్సర్డ్ అని ఇంకోటి వచ్చింది. గుర్తు పెడితే ఆ లింకు మీ ర్యాంకును పెంచుతుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. పెట్టకపోతే నిబంధన తప్పినట్టే. రెండు రకాలుగానూ మీకు ఒరిగేదేమీ లేదు.

"వార్తల్లో వచ్చామంటే జనం నమ్ముతారు."

నిజంగా వార్తల్లో వస్తే నమ్ముతారు. కానీ ప్యాకేజీలో మీకు వచ్చేది వార్తేనా? ఇలా వేయించిన పేజీ ఒకటి తెరిచి చూడండి. పైన పెద్ద సైటు లోగో ఉంటుంది. వెబ్ అడ్రస్‌లో మాత్రం ప్రెస్ రిలీజ్ అనో, స్పాన్సర్డ్ అనో, బ్రాండ్ కంటెంట్ అనో ఒక ముక్క కనిపిస్తుంది. రాసినవారి పేరు ఉండాల్సిన చోట పంపిణీ సంస్థ పేరుంటుంది. అడుగున చిన్న అక్షరాల్లో 'దీని తయారీలో మా సంపాదక బృందానికి సంబంధం లేదు' అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. ఆ సైటు మొదటి పేజీ నుంచి వెతుక్కుంటూ వెళ్తే చాలాసార్లు దాన్ని చేరడమే కష్టం. అంటే ఆ సైటు రోజూ చదివేవాళ్ల కంట కూడా అది పడదు. ఏజెన్సీ మీకు పంపే రిపోర్టులో మాత్రం ఆ సైటుకి నెలకి వచ్చే పాఠకుల సంఖ్య అంతా మీ ఖాతాలో వేసి చూపిస్తారు.

ప్రెస్ నోట్ వల్ల ఉపయోగం లేదని నేను అనను. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీద పట్టాలు తప్పి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. రైల్వే కంపెనీ తరఫున ప్రచార వ్యవహారాలు చూసే ఐవీ లీ జరిగింది దాచకుండా విలేకరులకు రాసిచ్చాడు, వాళ్లను ప్రమాదస్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేయించాడు. ప్రెస్ నోట్ చరిత్రను చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. పత్రికలు ఆ నోట్‌ని వేసుకోవడానికి కారణం, అందులో పాఠకులకు కావాల్సిన విషయం ఉండటం. ఇన్నేళ్లయినా ప్రెస్ నోట్ నిలబడేది దాని మీదే.

ఇప్పుడు ఒక రిపోర్టర్‌కి ఉదయాన్నే వచ్చే మెయిళ్లు ఊహించుకోండి. 'మా సంస్థ విజయవంతంగా ఐదో ఏట అడుగుపెట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం' అన్నది మీకు పండగే. పాఠకుడికి ఏమిటి? అదే వాషింగ్ మెషిన్లు రిపేరు చేసే వ్యాపారం అనుకుందాం. ఏడాదిపాటు వచ్చిన ఫిర్యాదులన్నీ రిజిస్టర్‌లో ఉంటాయి. ఏ సమస్య ఎక్కువగా వచ్చింది, ఏ నెలల్లో పెరిగింది, అందులో ఎన్ని ఇంట్లోనే సరిచేసుకోగలిగేవి అని లెక్క తీసి, ఈ విషయాల మీద రాసే ఒక్క రిపోర్టర్‌కి నాలుగు లైన్లలో పంపండి. అది వార్త అయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే ఆ లెక్క ఇంకెవరి దగ్గరా లేదు. ఒక మనిషి ఆసక్తితో రాసిన ఒక్క కథనం వంద కాపీల కంటే ఎక్కువ పని చేస్తుంది. అది ఉచితం, గ్యారంటీ మాత్రం లేదు. గ్యారంటీ ఇచ్చారంటే అమ్ముతున్నది ప్రకటన స్థలమే.

"రోజూ పోస్ట్ పెట్టాలి."

ఎవరి కోసం? 2018 జనవరిలోనే ఫేస్‌బుక్ స్నేహితుల, బంధువుల పోస్టులకు ముందు పీట వేస్తామని, వ్యాపార పేజీల పోస్టులు ఫీడ్‌లో తగ్గుతాయని బహిరంగంగా ప్రకటించింది. పండగ శుభాకాంక్షలు, సోమవారం సూక్తులు రోజూ పెట్టినా మీకు మిగిలేది అలసట. పెట్టకపోతే ఏమవుతుందోనన్న టెన్షన్ ఒకటి అదనం.

ఫోన్లో కస్టమర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు రాసిపెట్టుకోండి. మీకు కావాల్సిన కంటెంట్ అక్కడే ఉంది. 'మెషిన్ తిరుగుతోంది గానీ నీళ్లు దిగడం లేదు' అని ఒకరు అడుగుతారు. దానికి ఒక పేజీ రాయండి. ముందు ప్లగ్ తీయమనండి. వెనక పైపు మడత పడిందేమో చూడమనండి. ఫ్రంట్ లోడ్ మెషిన్లలో చాలావాటికి కింద ముందువైపు చిన్న మూత ఉంటుంది, లోపల ఫిల్టర్ ఉంటుంది. పళ్లెం పెట్టి, నెమ్మదిగా తిప్పి తీస్తే నాణేలు, పిన్నులు, దారప్పోగులు బయటపడతాయి. అప్పటికీ దిగకపోతే పంపు చూడాలి, అది మెకానిక్ పని. మీ చేతులతో తీసిన రెండు ఫోటోలు పెట్టండి. ఇలాంటి పేజీ నెలకొకటి చాలు.

దీనికి వెంటనే వచ్చే సందేహం నాకు తెలుసు: చదివి వాళ్లే బాగు చేసుకుంటే మన బేరం పోదా? ఆ ఒక్క బేరం పోవచ్చు. కానీ ఫిల్టర్ శుభ్రం చేసుకోమని నిజం చెప్పినవాడు రేపు పంపు పోయిందంటే నమ్ముతారు. పీఆర్ (ప్రజా సంబంధాలు) అని పెద్ద పేరు పెట్టుకున్న పని చివరికి సాధించాల్సింది ఈ నమ్మకాన్నే.

"రాసే పని ఏఐకి అప్పగించండి."

రాయడంలో సాయం తీసుకోవడం తప్పు కాదు, గూగుల్ కూడా తప్పనలేదు. ర్యాంకుల కోసం విలువ లేని పేజీలు గుట్టలుగా తయారుచేయడాన్ని మాత్రం 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లో స్పష్టంగా చేర్చింది, మనిషి రాసినా యంత్రం రాసినా సరే. ఫిల్టర్లో ఏం దొరికిందో చూసింది మీరు. అది మీరు చెప్పకుండా ఏ యంత్రమూ రాయలేదు.

"రివ్యూలు కొనైనా రేటింగ్ నిలబెట్టుకోండి."

ఈ మాట మీద నాకు నిజంగా కోపం. మిగతా సలహాలతో డబ్బు పోతుంది, దీనితో పేరే పోతుంది. దొంగ రివ్యూలే కాదు, డిస్కౌంట్ ఆశపెట్టి రివ్యూ రాయించుకోవడం కూడా గూగుల్ నిబంధనలకు విరుద్ధం. దొరికితే వాటిని తీసేస్తారు. అమెరికాలో దొంగ రివ్యూలు అమ్మడం, కొనడం నిషేధిస్తూ 2024 అక్టోబరు నుంచి ప్రత్యేక నిబంధనే అమల్లో ఉంది. పైగా ఒకే వారంలో, ఒకే తరహా పొగడ్తలతో వచ్చిన రివ్యూలను మామూలు మనుషులు కూడా ఇట్టే పసిగడతారు. చెడ్డ రివ్యూ వస్తే దాని కిందే జవాబు రాయండి: ఏం జరిగింది, ఏం సరిచేశారు, ఎవరిని అడగాలి. ఆ జవాబు కోపంగా రాసిన ఒక్కరి కోసం కాదు, తర్వాత చదివే అందరి కోసం. పని బాగా అయిన కస్టమర్‌ని అక్కడికక్కడే 'వీలుంటే ఉన్నదున్నట్టు రాయండి' అని అడగడంలో మాత్రం తప్పేమీ లేదు.

"ఆరు నెలల్లో కస్టమర్లు వాళ్లంతట వాళ్లే వస్తారు."

గడువు చెప్పేవాళ్లు మీ వ్యాపారం ఏమిటో కూడా అడగలేదు. ఫలితం పేరుతో చివర్లో చూపించేది తరచుగా 'ఇంత కవరేజ్‌ని యాడ్‌గా కొంటే ఇంత అయ్యేది' అన్న లెక్క. అలాంటి లెక్క పీఆర్ విలువను చెప్పదని, కొలతల మీద పనిచేసే పీఆర్ నిపుణులే 2010లో బార్సిలోనా సూత్రాల్లో రాసుకున్నారు. యాడ్స్ దండగ అన్నది కూడా అందరికీ వర్తించదు. పైపు పగిలి ఇప్పుడే మనిషి కావాల్సినవాళ్లు వెతికినప్పుడు కనిపించే చిన్న యాడ్ అదే రోజు పని తెస్తుంది. ప్రెస్ నోట్ ఆ పని చేయలేదు.

ఫలితం తెలుసుకోవడానికి కొనాల్సింది ఏమీ లేదు. కొత్తగా ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ 'మా గురించి ఎలా తెలిసిందండీ?' అని అడిగి, జవాబును రిజిస్టర్‌లో పేరు పక్కనే రాయండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం, ఏ మాటలు వెతికి మీ పేజీకి వచ్చారో అందులో కనిపిస్తుంది. ప్యాకేజీ అమ్మడానికి వచ్చినవాళ్లని మూడు అడగండి: పోయిన నెల వేయించిన పేజీల లింకులు ఇస్తారా, వాటిలో ఏవి డబ్బిచ్చి వేయించినవి, ఆ పేజీలను చదివి ఫోన్ చేసిన కస్టమర్ ఒక్కరితో మాట్లాడిస్తారా. జవాబు సూటిగా రాకపోతే డబ్బు కట్టకండి.