మాటల కూలి

పలాస జీడిపప్పు కర్మాగారాలలో మేనేజరు పదవి తరచుగా, ఆ పదవితో ఏమాత్రం సంబంధం లేని పనిని అద్భుతంగా చేసిన మనిషికే దక్కుతుంది. మా కొత్త మేనేజరు బాయిలరు దగ్గర పనిచేసినవాడు. ఆవిరి ఎక్కువైతే లోపలి పప్పు కమిలిపోతుందనీ, తక్కువైతే పెంకు కటింగులో గుండు, అంటే విరగని పప్పు, కాస్తా బద్దలూ ముక్కలూ అవుతుందనీ ఎరిగి, గడియారం చూడకుండా వాసన పట్టి మంట తగ్గించగల నేర్పరి. అంతటి పనివాడిని మసిలో ఉంచడం అన్యాయమని యజమానిగారికి తోచింది. పాత మేనేజరు మానుకోగానే అతడికి బల్ల, కుర్చీ, ఏసీ గది ఇచ్చి, విశాఖపట్నంలో శిక్షణకు కూడా పంపించారు. దాంతో బాయిలరుకు మంచి పనివాడు పోయాడు, మేనేజరు మాత్రం ఇంకా రాలేదు.

శిక్షణ నుంచి అతడు తెచ్చుకున్న నోటుపుస్తకంలో, కొత్తగా అధికారం చేపట్టినవాడు తన కింద పనిచేసే ప్రతి ఒక్కరితోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడాలని మొదటి పేజీలోనే రాసి ఉంది. సలహాలో తప్పు పట్టవలసినదేమీ లేదు. నెల జీతం తీసుకునేవారికి పావుగంట పిలుపంటే పావుగంట విశ్రాంతి. అయితే మా దగ్గర పొట్టు తీసేవారూ గ్రేడింగు చేసేవారూ కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లు. వాళ్ల చెయ్యి ఆగితే కాటా ఆగుతుంది, కాటా ఆగితే వారాంతపు చీటీలో అంకె తగ్గుతుంది. ఆ చీటీలు రాసే గుమస్తాను కనుక ఈ సంగతి నాకు తెలుసు. చెప్పే అవకాశం మాత్రం రాలేదు, ఎందుకంటే విడివిడిగా మాట్లాడవలసినవారి జాబితాలో నా పేరు చిట్టచివర ఉంది.

సాయంత్రం హైదరాబాదుకు లోడు వెళ్లవలసిన రోజునే అతడు ఈ కార్యక్రమానికి ముహూర్తం పెట్టి, గ్రేడింగు బల్లలకు పెద్దదిక్కయిన అప్పను ముందుగా పిలిపించాడు. నిన్నటిదాకా “అప్పా, బేగి కానీ” అని కేకవేసిన కుర్రవాడు కుర్చీ చూపించి “మీరు కూర్చోండి” అనడంతోనే ఆమెకు సగం అనుమానం వచ్చింది. తరువాత అతడు నోటుపుస్తకంలోకి తొంగిచూసి, “ఇంకో ఐదేళ్లకు మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకోవాలనుకుంటున్నారు?” అని అడిగాడు.

“ఐదేళ్లకి మనవరాలి పెళ్ళి సేసీసి ఇంటికాడ కూకుంటాను బాబూ” అని చెప్పి, ఆమె కొంచెంసేపు ఆలోచించి, “ఏటి, ఇప్పుడే పొమ్మంటన్నావేటి?” అంది.

అతడు ఆ మాట విన్నాడో లేదో గానీ, విశ్రాంతి కోరుకుంటున్నారని మాత్రం పుస్తకంలో శ్రద్ధగా రాసుకున్నాడు.

పప్పును కెమెరాతో చూసి రంగును బట్టి వేరుచేసే యంత్రాలు వచ్చాయన్న మాట మా ఆడవాళ్ల చెవిన ఎప్పుడో పడింది. యంత్రం కొంటున్నారు కాబోలు, అందుకే ఒక్కొక్కరినీ పిలిచి పేరు కొట్టేస్తున్నారని రెండవ ఆమె గదిలోకి వెళ్లేలోగానే బల్లల దగ్గర నిర్ధారణ అయిపోయింది. మూడవ ఆమె గదిలోకి వస్తూనే కన్నీళ్లు పెట్టుకుంది. నాలుగవ ఆమె ఇంట్లో ఉన్న కష్టాలన్నీ వరసగా ఏకరువు పెడితే, అతడు తన మీద ఇంత త్వరగా నమ్మకం కుదిరినందుకు లోలోపల పొంగిపోయాడు. మధ్యాహ్నానికి గ్రేడింగు పూర్తిగా ఆగిపోయింది.

నాయకుడు తానే ముందు నిలబడి చూపించాలని కూడా ఆ పుస్తకంలో ఎక్కడో ఉన్నట్టుంది. అతడు చొక్కా చేతులు మడిచి తానే గ్రేడింగు బల్ల దగ్గర కూర్చున్నాడు. 240 రకమంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 220 నుంచి 240 గుండ్లు తూగాలి. 320 రకమైతే 300 నుంచి 320 దాకా ఉండవచ్చు. అంకె చిన్నదైన కొద్దీ గుండు పెద్దది, ధరా పెద్దదే. అప్ప చెయ్యి ఈ తేడాను కబుర్లు చెబుతూ కూడా పసిగడుతుంది. ఆవిరి వాసనను అంత చక్కగా పట్టే మా మేనేజరు కంటికి మాత్రం గుండ్లన్నీ ఏకోదరుల్లాగే కనిపించాయి. అయినా పట్టుదల గల మనిషి కనుక, ఎవ్వరినీ సాయం పిలవకుండా పది కిలోల డబ్బాలు వరసగా నింపేశాడు.

లోడు చూడడానికి వచ్చిన యజమానిగారు 240 అని రాసిన డబ్బాలోంచి ఒక పౌను తూచి లెక్కపెట్టించారు. లెక్క 240 దాటింది, 260 దాటింది, ఆయన ముఖం రంగు మారిన తరువాత కూడా ఆగలేదు. లారీ గేటు దగ్గర హారను మోగిస్తోంది.

అప్పుడు అప్ప లేచి వచ్చి, “నువ్వు లెగు బాబూ, ఆ డబ్బాలిటు ఒంపెయ్యి” అని, అతడు లేవబోతూ ఉండగా బల్ల మీద చెయ్యి పెట్టి ఆపింది. “ముందొక మాట సెప్పు. పొద్దున్న మమ్మల్ని నీ గదిలో కూకోబెట్టినావు గదా, అది ఎన్ని కేజీల కింద రాయిస్తావు?”

అతడు అలవాటుగా నోటుపుస్తకం తెరిచాడు. అందులో దీనికి జవాబు ఉండే వీలు లేదని గ్రహించి మూసేశాడు. ఆ రోజంతటిలో అతడు సొంతంగా పలికిన మొదటి మాట అప్పుడు వచ్చింది. యంత్రం కొనడం లేదనీ, ఎవరినీ తీసివేయడం లేదనీ, పొద్దుటి నుంచి చేతులు ఆగిన సమయానికి అందరికీ రోజూ చేసే పని లెక్కనే కూలి కడతాననీ చెప్పాడు. ఎవరిని అడిగి చెప్పాడన్నట్టు యజమానిగారు కళ్లు పెద్దవి చేశారు గానీ, గేటు దగ్గర హారను మళ్లీ మోగేసరికి చిన్నవి చేసుకున్నారు. ఆడవాళ్లు చీర కొంగులు బిగించి డబ్బాలన్నీ ఒంపి, మళ్లీ వేరుచేసి నింపారు. మేనేజరుకు డబ్బాలు మోసే పని అప్పగించారు, దాన్ని అతడు ఏ లోపమూ లేకుండా చేశాడు. లారీ రాత్రి బాగా పొద్దుపోయాక కదిలింది.

మరునాడు ఈ కూలిని ఏ పద్దు కింద రాయాలో తోచక నేను మేనేజరును అడిగాను. పొట్టు తీసిన కూలి, గ్రేడింగు కూలి, ఎగుమతి దిగుమతి హమాలీ అని మా పుస్తకంలో గడులు ఉన్నాయి గానీ, మాట్లాడినందుకు కూలి అని లేదు. అతడు తల గోక్కుని, “శిక్షణ ఖర్చులని రాయండి బాబాయిగారూ” అన్నాడు. యజమానిగారు ఆ పద్దు దగ్గర కలం ఆపి, ఎవరి శిక్షణ అని నన్ను అడగబోయి, అద్దంలోంచి ఎదురుగదిలోకి ఒకసారి చూసి, సంతకం పెట్టేశారు.