బావగారి ఫోనుగారికి బావమరిది విన్నపం

మహారాజరాజశ్రీ బావగారి ఫోనుగారి దివ్యసముఖానికి,

శ్రీకాకుళం నుంచి బావమరిది నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. మా పడగ్గది కిటికీ గట్టు మీద, సిగ్నల్ మూడు గీతలు వచ్చే ఆ ఒక్క జానెడు చోట, నిండా చార్జింగుతో కూర్చుని ఉన్నారు. ఇందాకే నేనే కూర్చోబెట్టాను.

తమరి వాలకం చూసి తక్కువ అంచనా వేసేవాళ్లే ఎక్కువ. అంకెలు చెరిగిపోయిన మీటలు, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు. మొన్న పనమ్మాయి తమర్ని పాత సామాన్ల సంచిలో వేయబోతే మా ఆవిడ పెట్టిన కేకకి వీధి వీధంతా బయటికొచ్చింది. ఆ పిల్లకేం తెలుసు, లోపలున్నది మా బావగారని!

అవును మరి. బావగారు రైల్వేలో రిటైరై, మా అప్పతో కలిసి డల్లాసులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. గ్రీన్ కార్డు వచ్చింది. కాకపోతే విమానం ఎక్కింది ఒంటితో మాత్రమే. ఆయన పెన్షను, ఆధారు, బ్యాంకు ఖాతా, గ్యాసు కనెక్షను, అన్నీ తమరి కడుపులో ఉన్న సిమ్ముకి కట్టేసి ఉన్నాయి. కాబట్టి భారతదేశం లెక్కలో మా బావగారు డల్లాసులో లేరు, మా కిటికీ గట్టు మీదే ఉన్నారు. బావగారికి జరగాల్సిన మర్యాదలన్నీ అందుకే తమరికి జరుగుతున్నాయి. టెక్కలిలో పెళ్లికి వెళ్తే నా కంటే ముందు తమరికి ఫ్యాను కింద చోటు చూస్తున్నాను.

సిమ్ము కూడా పట్టుకుపోవచ్చు కదా అంటారు తెలియనివాళ్లు. మొదటిసారి పట్టుకెళ్లారు. రోమింగులో మెసేజ్ వస్తే డబ్బులు పడవు గానీ ఫోనెత్తితే పడతాయి. విశాఖపట్నం నుంచి ఎవడో ప్లాటు కొంటారా అని ఫోన్ చేశాడు. అక్కడ నడిరాత్రి. బావగారు ఫోనెత్తి, అలవాటు కొద్దీ వాడిది ఏ ఊరో కనుక్కుని, వాడి మేనమామ నరసన్నపేటలో మనకి తెలిసినాయనేనని తేల్చేసరికి బ్యాలెన్సు హారతి కర్పూరం. మరుసటిసారి విశాఖ ఎయిర్‌పోర్టు గేటు దగ్గర తమర్ని నా చేతిలో పెట్టి, "జాగ్రత్తోయ్" అన్నారు. పక్కనే కళ్లు తుడుచుకుంటున్న మా అప్పని జాగ్రత్తగా చూసుకుంటానని ఆయన మాత్రం నాకు చెప్పలేదు.

డల్లాసుకీ మనకీ ఎండాకాలంలో పదిన్నర గంటలు తేడా. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటే అది పదకొండున్నర అవుతుంది. బావగారు మధ్యాహ్నం భోంచేసి, కునుకు తీసే ముందు "ఓసారి బ్యాంకు పని చూసేద్దాం" అనుకునే వేళకి మాకిక్కడ అర్ధరాత్రి దాటుతుంది. నా ఫోనుకి వాట్సాప్ కాల్ వస్తుంది.

"ఏటోయ్, వచ్చిందా?"

రాదు. ఎందుకంటే తమరి మెసేజ్ మెమరీ నిండిపోయి ఉంటుంది. ఒక్కొక్కటే తీసేయాలి. ముందుగానే మంజూరైపోయిన రుణాలు, పట్టుచీరల మీద తగ్గింపులు, బావగారు ఆడని రమ్మీలో ఆయన కోసం కాచుకుని ఉన్న బహుమతులు. తమరి మీట నొక్కితే ఓసారి పలుకుతుంది, ఓసారి పలకదు. నాలుగో రుణం చెరిపేసరికి టింగుమని వస్తుంది ఓటీపీ. ఫొటో తీసి పంపిద్దామంటే తమరి తెర మీద ట్యూబులైటు తప్ప ఇంకేం పడదు. లైటు ఆర్పి తీద్దామంటే తెర కూడా ఆరిపోతుంది. ఇక నోటితో చదవడమే.

"మూడు, ఏడు..."

"మూడా, ఏడా?"

"మూడు తరవాత ఏడు బావగారూ."

"ముప్ఫయ్యేడు అని ఏడవొచ్చు కదటోయ్!"

ఆ నంబరు కిందే రాసి ఉంటుంది, దీన్ని ఎవరితోనూ పంచుకోవద్దు, బ్యాంకు సిబ్బంది అడిగినా చెప్పొద్దని. నేను బ్యాంకు సిబ్బందికి చెప్పలేదు. నాగావళి అవతలి ఒడ్డుకి వినపడేలా డల్లాసుకి చెప్పాను. పొద్దున్నే పక్కింటి మేష్టారు గోడ మీంచి, "రాత్రి చివర్లో సున్నాయా, తొమ్మిదా?" అని అడిగారు. పాపం, ఆయనకీ నిద్ర పట్టలేదట.

ఇవన్నీ మామూలు రోజుల వైభవాలు. నవంబరొస్తే తమరి బ్రహ్మోత్సవాలు. పెన్షను తీసుకునేవాళ్లు బతికే ఉన్నామని సర్కారుకి రుజువు చూపించాల్సిన నెల. ఎనభై దాటినవాళ్లకి దయతలచి అక్టోబరు నుంచే వీలిచ్చారు. చూపించకపోతే ఆ తరవాత పెన్షను ఆగిపోతుంది, చూపించాక బకాయితో సహా వస్తుంది. ఒకప్పుడు బ్యాంకుకి వెళ్లి కాగితం మీద సంతకం పెడితే సరిపోయేది. 2014 నవంబరులో ఈ రుజువుని ఆధారుతో ఆన్‌లైన్లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చి వేలిముద్ర, కనుపాప అంది. 2021లో ముఖం చూపిస్తే చాలంది. నిజం చెప్పాలంటే ముసలివాళ్లకి ఇది మంచి సదుపాయమే. హ్యూస్టన్‌లో ఉన్న కాన్సులేటు దాకా నాలుగు గంటలు కారులో కూర్చోకుండా ఇంట్లోనే పని అయిపోతుంది. తమరు కరుణిస్తే.

పోయినసారి సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. బావగారు డల్లాసులో పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పొందూరు ఖద్దరు చొక్కా తొడుక్కుని మేనల్లుడి ఫోను ముందు కూర్చున్నారు. నేనిక్కడ సంధ్యవేళ తమర్ని పట్టుకుని కూర్చున్నాను. ఓటీపీ చెప్పాను. ఆ యాప్ కళ్లు ఆర్పమంది. ఆయన ఆర్పారు. మళ్లీ ఆర్పమంది. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు, అదే పనిగా ఆర్పితే నీళ్లు కారుతున్నాయి. "బతికున్నానని చెప్పడానికి ఏడవాలేటోయ్!" అని ఆయన విసుక్కుంటుంటే ముఖం కదిలిందని యాప్ మొదటికి తీసుకెళ్లింది. వెనక నుంచి మా అప్ప, "నోరు మూసుకుని కళ్లు మూయండి" అంది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఏ అధికారీ ఆయన్ని అంత మాట అనలేదు.

చివరికి ఎలాగో అయింది. రుజువు అందిందన్న ప్రమాణ్ ఐడీ మెసేజ్ తమరికే వచ్చింది. బావగారు బతికే ఉన్నారన్న సంగతి ముందు తమరికి తెలిసింది, తరవాత నాకు, ఆ తరవాత ఆయనకి. దాయాది చావగోరును, బావమరిది బతకగోరును అని సామెత. బతకగోరితే సరిపోయేది మా తాతల కాలంలో. ఇప్పుడు ఏటా నమోదు కూడా చేయించాలి.

తమరి మాటకి ఉన్న విలువ ఎంతటిదో చెప్పడానికి ఇంకో ముచ్చట. ఎన్నారై అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతా ఉంచకూడదు, ఎన్నారైలకి ఉండే ఎన్నార్వో ఖాతా కింద మార్పించాలి. దాని వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సు కలిపి టీడీఎస్ అని ముందే పన్ను కోస్తారు, అది వేరే ఏడుపు. ఆ పనికోసం బావగారు నా పేర రాసి, కాన్సులేటులో ధ్రువీకరణ చేయించి పంపిన పవరాఫ్ అటార్నీ పట్టుకుని వెళ్లాను. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కూడా కట్టించిన కాగితం అది, ఒక్క లోపం లేదు. బ్యాంకులో ఆఫీసరు ముందు వైపు చూశాడు, వెనక వైపు చూశాడు, ఓ పక్కన పెట్టాడు. పెట్టి, "ఓటీపీ వస్తుందాండీ?" అన్నాడు. జేబులోంచి తమర్ని తీశాను. రబ్బరు బ్యాండుతో సహా తమర్ని చూశాక ఆయన ముఖంలో నమ్మకం కనిపించింది. అరసవల్లిలో సూర్యనారాయణమూర్తికి బావగారి పేర అర్చన చేయించాలంటే గోత్రం, నక్షత్రం చెప్తే చాలు. దేవుడు ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాడు.

పోనీ తమరిని మార్చేద్దాం అంటే దారులు లేకపోలేదు. అమెరికా నంబరుతోనే ఎన్నారై ఖాతాలకి యూపీఐ వాడుకోవచ్చని 2023లో వెసులుబాటు ఇచ్చారు. బ్యాంకులో నంబరు మార్పించుకుందాం మావయ్యా అన్నాడు మేనల్లుడు. నొక్కుకుంటూ వెళ్తే చివర్లో పాత నంబరుకి ఓటీపీ పంపామంది. అంటే తమర్ని తప్పించాలన్నా తమరి సమ్మతే కావాలి. ఇంత బందోబస్తు మా జిల్లాలో సర్పంచులకి కూడా లేదు. అంతా చేసినా ఆధారుకి విదేశీ నంబరు పనికిరాదు కనుక తమరి పదవికి ఢోకా లేదు.

అందుకే తమరి ఆయుష్షు మీదే ఇంటిల్లిపాదికీ టెన్షన్. తొంభై రోజులు వాడకుండా, బ్యాలెన్సు కూడా లేకుండా పడుంటే నంబరు తీసేసి, కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు ఆ ఇంకొకరు మా బావగారవుతారు. మా అప్పకి ఏం సమాధానం చెప్పను? కాబట్టి ఇరవై ఎనిమిది రోజులకో నెల చొప్పున, ఏడాదికి పదమూడు నెలలు రీచార్జి చేస్తూ వచ్చాను. తమరికి ఇంటర్నెట్టే లేకపోయినా రోజుకి ఒక జీబీ డేటా సమర్పించుకున్నాను. 2024 డిసెంబరులో టెలికం కంపెనీల మీద పెత్తనం చేసే ట్రాయ్ పుణ్యమా అని మాటలకీ మెసేజ్‌లకీ మాత్రమే సరిపడే ప్యాకులు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. ఏడాదిది ఒకేసారి వేసేస్తాను బావగారూ అన్నాను. "ఏడాది ఎందుకోయ్, ఈలోగా ఏమవుద్దో" అన్నారు. తన గురించో, తమరి గురించో, నా గురించో అడగలేదు.

తమరి వల్ల కలిగిన మేలు కూడా చెప్పుకోవాలి. ఓ రోజు ఎవరో గంభీరమైన గొంతుతో ఢిల్లీ నుంచి పోలీసులమని, బావగారి పేర మత్తుమందుల పార్సిల్ పట్టుబడిందని, డిజిటల్ అరెస్టు చేస్తున్నామని, వెంటనే వీడియో ఆన్ చేయమని అన్నాడు. మీటల ఫోనండీ, కెమెరా లేదన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత "సర్లెండి, ఉంటాను" అన్నాడు, పాపం కొంచెం జాలిగానే.

బావగార్ని కూడా మరీ అనకూడదు. అక్కడ ఆయన కష్టాలు ఆయనవి. అరవై అయిదు దాటినా, అక్కడ ఎప్పుడూ ఉద్యోగం చేయనివాళ్లు అయిదేళ్లు వరసగా ఉంటే తప్ప మెడికేర్ అనే అక్కడి సర్కారు వైద్య బీమా కొనుక్కోవడానికి కూడా లేదు. పన్ను నొప్పి వస్తే దవడ పట్టుకుని విమానం టికెట్టు రేటు చూస్తారు, ఎందుకంటే దాదాపు అదే ఖర్చు. వచ్చినప్పుడు పన్ను, కన్ను, షుగరు పరీక్షలు అన్నీ మా ఊరి డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరే కానిస్తారు. బీపీ మాత్రలు తొంభై రోజులకి సరిపడా, చీటీతో సహా మూటకట్టుకుంటారు. ఇక్కడ ఏడాది దాటి ఉండిపోతే గ్రీన్ కార్డుకే ఎసరు. అందుకని ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ ఎయిర్‌పోర్టు గేటు, మళ్లీ తమరు నా చేతిలో.

ఇక అసలు మనవి. కార్తీకంలో కాశీ వెళ్లాలని మా ఆవిడకి ఎప్పటినుంచో కోరిక. కార్తీకం అంటే నవంబరు, నవంబరు అంటే తమరు. ఇన్నేళ్లూ వాయిదా వేశాం. ఈసారి టికెట్లు తీసేశాను, తమరు మా వెంట వస్తున్నారు. రైల్లో కింది బెర్తు మా ఆవిడది, కిటికీ వైపు తమరిది. గంగలో మునిగేటప్పుడు తమర్ని ఎవరి చేతికి ఇవ్వాలన్నదే తేలలేదు. ఒకేసారి ఇద్దరం మునగొద్దని బావగారి ఆజ్ఞ. పుణ్యం వంతులవారీగా వస్తుందో రాదో అర్చకుణ్ణి అడగాలి.

కాశీ వెళ్లినవాళ్లు ఏదో ఒకటి అక్కడ వదిలేసి రావాలంటారు కదా. మా ఆవిడ కాకరకాయ వదిలేస్తుందట, ఆవిడ అదెప్పుడూ ముట్టింది లేదు. నేనేం వదులుతానో ఇంకా ఎవరికీ చెప్పలేదు. బావగారు మాత్రం ఈ వారంలో రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు.

ఇట్లు,
తమరి చార్జింగు, రీచార్జింగు బాధ్యుడు,
బావమరిది