“గూగుల్ ఉండగా లైబ్రరీ లాగిన్ ఎందుకు?” అనే సందేశానికి జవాబు

డిగ్రీ, పీజీ అధ్యాపకుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. నెల్లూరులోనూ కనిపిస్తుంది, కనిగిరిలోనూ కనిపిస్తుంది. దాని సారం ఇదీ: “కాలేజీ లైబ్రరీ ఆన్‌లైన్ చందా దండగ. కావలసినదంతా గూగుల్లో ఉచితంగా దొరుకుతుంది, దొరక్కపోతే ఏఐ చెబుతుంది. ఆ లాగిన్ కాలేజీ కంప్యూటర్లలో తప్ప పనిచేయదు. అందులో ఉన్నదంతా విదేశీ సరుకే, మన జిల్లా గురించి, తెలుగు గురించి ఏమీ ఉండదు. ఆ పీడీఎఫ్ క్లాసులో వాడితే కాపీరైట్ కేసు. ఇదంతా నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైలు కోసమే.”

ఒక్కో మాటకూ కాస్త నిజం అంటుకుని ఉంది కాబట్టే ఇంతమంది నమ్ముతున్నారు. దీన్ని నమ్మి ప్రాజెక్టు రాసే పిల్లలు నష్టపోతున్నారు. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

“చందా దండగ”

కాలేజీలకు జర్నళ్లు, ఈ-పుస్తకాలు ఆన్‌లైన్‌లో అందించే ఎన్-లిస్ట్ పథకం 2010లో మొదలైంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దాన్ని నడుపుతోంది. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలకు ఏడాది రుసుము 5,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 5,900. ఎయిడ్ లేని కాలేజీలకు ఇంతకు చాలా ఎక్కువ పడుతుంది, అది నిజమే. ఈ డబ్బుకు వచ్చేవి వేలల్లో జర్నళ్లు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు. వెయ్యిమంది పిల్లలున్న కాలేజీలో తలకు ఆరు రూపాయలు కూడా పడదు. ప్రచురణకర్త సైటులో ఒక్క వ్యాసం కొనాలంటేనే ముప్పై, నలభై డాలర్లు అడుగుతారు.

ప్రభుత్వ కాలేజీల్లో పనిచేసేవారికి ఇంకొకటి ఉంది. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ను ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, ఐఈఈఈ వంటి 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు దీని కిందికి వస్తాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలోని విద్యాసంస్థలు అర్హమైనవి, కాలేజీ చేతి నుంచి పైసా కట్టనక్కరలేదు. అయితే పోర్టల్‌లో కాలేజీ పేరు నమోదు కావాలి. మీ కాలేజీ నమోదైందో లేదో లైబ్రేరియన్‌ను ఈ వారంలోనే అడగండి.

“గూగుల్లో అంతా ఉచితమే”

గూగుల్ స్కాలర్ ఒక వ్యాసం ఉందని చెబుతుంది. చదవడానికి ఇస్తుందని కాదు. ఉచితంగా దొరికేవి చాలానే ఉన్నాయి, వాటిని వదులుకోమని ఎవరూ అనరు. ఫలితం కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కితే రచయిత తన విశ్వవిద్యాలయం సైటులో పెట్టుకున్న ప్రతి దొరకవచ్చు. అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో పెట్టుకుంటే, చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఉన్నచోట పేజీ పక్కన పచ్చ తాళం చూపిస్తుంది. ఇవి రెండూ చేశాక కూడా తలుపు మూసే ఉంటే అప్పుడు కాలేజీ లాగిన్. ఈ వరస పాటిస్తే సమయం వృథా కాదు.

ఏఐ సంగతి వేరు. అడిగితే వ్యాసం పేరు, రచయితలు, జర్నల్, సంపుటి, పేజీలు అన్నీ చక్కగా ఇస్తుంది. అందులో కొన్ని లోకంలో లేనే లేనివి. వాక్యంలో తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి రాసే యంత్రం అది. రిఫరెన్సులు కూడా అలాగే అల్లేస్తుంది. పిల్లలు తెచ్చిన ప్రతి రిఫరెన్సునూ డీఓఐతో, అంటే ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యతో, సరిచూడండి. డీఓఐ ఎప్పుడూ 10 అంకె, చుక్కతో మొదలవుతుంది. డీఓఐ సంస్థ సైటులో దాన్ని అతికిస్తే ప్రచురణకర్త పేజీ తెరుచుకోవాలి. తెరుచుకుంటే సరిపోదు, అక్కడి శీర్షిక పిల్లవాడు రాసిన శీర్షికే అయి ఉండాలి. నిజమైన డీఓఐకి వేరే శీర్షిక తగిలించడం ఏఐ తరచూ చేసే తప్పు. ఒక్కో దానికి అర నిమిషం పడుతుంది.

“కాలేజీ కంప్యూటర్లలోనే పనిచేస్తుంది”

ఎన్-లిస్ట్ విషయంలో ఇది పూర్తిగా తప్పు. అది మొదటి నుంచీ మనిషికో ఐడీ, పాస్‌వర్డ్ పద్ధతిలోనే నడుస్తోంది. కావలిలో ఇంట్లో కూర్చున్నా, మర్రిపూడిలో ఫోన్‌లో తెరిచినా ఒకటే. మరి “పనిచేయడం లేదు” అని ఇంతమంది ఎందుకంటున్నారు? కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది దారి తప్పడం. గూగుల్లో వ్యాసం వెతికి నేరుగా ప్రచురణకర్త సైటుకు వెళితే, మీరు చందాదారు కాలేజీ మనిషి అని ఆ సైటుకు తెలియదు. ధర చూపిస్తుంది. ముందు ఎన్-లిస్ట్ సైటులో లాగిన్ అయి, అక్కడి జాబితాలో ఆ ప్రచురణకర్త పేరు మీద నొక్కి లోపలికి వెళ్లాలి. అప్పుడు మీ అభ్యర్థన ఇన్‌ఫ్లిబ్‌నెట్ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) మీదుగా పోతుంది, తలుపు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లాక ఆ సైటులోనే శీర్షిక వెతకండి. చాలాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే సెషన్ ముగిసి మళ్లీ ధర కనిపిస్తుంది. మొదటి నుంచి లాగిన్ అవడమే దానికి మందు.

రెండోది ఈ-మెయిల్. లైబ్రేరియన్ పేరు, శాఖ, మెయిల్ ఉన్న జాబితాను ఎక్కిస్తేనే ఐడీలు వస్తాయి, పాస్‌వర్డ్ ఆ మెయిల్‌కే పోతుంది. అడ్మిషన్ దరఖాస్తులో చాలామంది పిల్లల మెయిల్ నెట్ సెంటర్ వాళ్లు అప్పటికప్పుడు పుట్టించినది. దాని పాస్‌వర్డ్ పిల్లవాడికి తెలియదు. అడ్మిషన్ రిజిస్టర్ నుంచి మెయిల్ ఎత్తి రాయకుండా, క్లాసులో ఒక ఫారం పెట్టి వాళ్లు రోజూ తెరిచే మెయిల్ తీసుకోవాలి. వచ్చిన పాస్‌వర్డ్ కోసం స్పామ్ కూడా చూడమనాలి.

మూడోది గడువు. చందా పునరుద్ధరణ ఆలస్యమైతే కాలేజీ మొత్తం ఐడీలు ఒక్కసారే ఆగిపోతాయి. ఒక్కరిదే ఆగిందా, పక్కవారిదీ ఆగిందా అని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

పై సందేశంలో కాస్త నిజం ఉన్నది వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ దగ్గర. క్యాంపస్‌లో ఐపీ చిరునామాను (ఇంటర్నెట్ కనెక్షన్ గుర్తింపు సంఖ్యను) బట్టి గుర్తిస్తారు. ఊళ్లో కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన కనెక్షన్‌కు ఆ చిరునామా మారుతూ ఉంటుంది కాబట్టి కాలేజీలో కూర్చున్నా తెరుచుకోకపోవచ్చు. స్థిరమైన ఐపీ తీసుకోవడం ఒక దారి. ఇన్‌ఫెడ్ అనే లాగిన్ పద్ధతిలో చేరడం రెండోది. అందులో చేరితే ఇంటి నుంచి కూడా వస్తుంది.

“మన జిల్లా గురించి ఏమీ లేదు”

సందేశం మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. జిల్లా గురించి బోలెడంత ఉంది. మనం పిలిచే పేరుతో లేదు, అంతే.

ఒంగోలు జాతి పశువుల మీద ప్రాజెక్టు చేసే విద్యార్థి ‘ఒంగోలు’ అని వెతుకుతాడు. కొద్ది వ్యాసాలు వస్తాయి. అదే జాతి బ్రెజిల్ వెళ్లి అక్కడ ‘నెలోరె’ అయింది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఎల్ ఒక్కటే. బ్రెజిల్ మాంసపు పశువుల్లో పెద్ద భాగం ఆ వంశానిదే. ఆ ఒక్క ఎల్‌తో వెతికితే దాణా, ఎండ తట్టుకునే శక్తి, జన్యువులు, సంతానోత్పత్తి మీద వేల వ్యాసాలు. ఇండోనేషియాలో ‘పెరానకన్ ఒంగోలె’ అంటారు, అదీ చేర్చాలి. మూడు పేర్లనూ వేరువేరు కొటేషన్లలో పెట్టి, మధ్యలో పెద్ద అక్షరాలతో ‘ఓఆర్’ రాయండి. ఒంగోలు గిత్త పేరు నెల్లూరు ఎలా అయిందని పిల్లలు అడిగితే చెప్పదగిన జవాబు ఉంది: 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది.

రొయ్యలదీ ఇదే కథ. వన్నామీ రొయ్య శాస్త్రీయ నామం కొందరి వ్యాసాల్లో ‘పీనియస్ వన్నామీ’, కొందరివాటిలో ‘లిటోపీనియస్ వన్నామీ’. ఒకటే రాసి వెతికితే సగం పోతుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ భూగర్భ శాస్త్రుల లెక్కలో గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి. ‘గ్రానైట్’ అని వెతికితే క్వారీలు, ఎగుమతులు, దుమ్ము జబ్బులు వస్తాయి. రాయి పుట్టుక కావాలంటే ‘గాబ్రో’, ‘గాబ్రోనోరైట్’ అనాలి. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో టీ తర్వాత హెచ్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి వెతకాలి.

చరిత్ర వాళ్లకు సరిహద్దులే అసలు చిక్కు. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఏర్పడింది, ముందు ఒంగోలు జిల్లా అనే పేరుతో. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అంతకుముందు నెల్లూరువి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరుకు వచ్చింది. కాబట్టి కనిగిరి పాత రికార్డు కావాలంటే నెల్లూరు పేరుతో వెతకాలి. 1873 నాటి బాస్వెల్ నెల్లూరు మాన్యువల్, 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి మూడు సంపుటాలుగా తెచ్చిన నెల్లూరు జిల్లా శాసనాలు ఇలాగే ఉపయోగపడతాయి.

సిద్ధాంత వ్యాసాలకు శోధగంగ, అంటే విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు ఉంచే సైటు. దానికి లాగిన్ కూడా అక్కరలేదు. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చేదాకా నెల్లూరు కాలేజీలు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ఒంగోలు వైపు పరిశోధన చాలావరకు నాగార్జున విశ్వవిద్యాలయం పేరుతో ఉంటుంది. పాత వాటికి ఆ రెండు చోట్లా చూడాలి. శోధగంగలో అధ్యాయానికో ఫైలు ఉంటుంది. ముందు గ్రంథసూచి ఫైలు దించుకోండి. అంశం మీద ఎవరెవరు ఏం రాశారో పది నిమిషాల్లో తెలుస్తుంది.

తెలుగు పుస్తకాల దగ్గర ఇబ్బంది ఉన్నమాట నిజం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. చాలావాటి శీర్షికలు మాత్రం వింత రోమన్ లిపిలో నమోదయ్యాయి: దీర్ఘానికి అక్షరం రెండుసార్లు, సున్నకు ఎన్ తర్వాత పైన ఒక కామా. తెలుగు లిపిలో వెతికి “లేదు” అనుకోవద్దు. శీర్షికలో ఒక్క మాటను ఆ పద్ధతిలో రాసి చూడండి, ప్రచురణ సంవత్సరంతోనూ చూడండి. చాలా స్కాన్‌లలో అక్షరాలు బొమ్మలే కాబట్టి లోపలి మాట వెతకడం కుదరదు, విషయసూచిక తిప్పాల్సిందే. అను ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్‌లదీ అదే బాధ. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు ఇంగ్లీషు అక్షరాల గజిబిజి.

“క్లాసులో వాడితే కేసు”

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, ఉపవిభాగం ఒకటిలో ‘ఐ’ అంశం బోధన క్రమంలో ఉపాధ్యాయుడు, విద్యార్థి చేసుకునే ప్రతులకు మినహాయింపు ఇస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని జిరాక్స్ షాపు మీద ప్రచురణకర్తలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపునే ఎత్తిపట్టింది. తెర మీద వ్యాసం చూపించి పాఠం చెబితే కేసు కాదు.

నిజంగా తప్పయ్యేవి వేరు. జర్నల్ మొత్తాన్ని డౌన్‌లోడ్ మేనేజర్‌తో గుంపుగా లాగడం, పాస్‌వర్డ్ బయటివారికి ఇవ్వడం, పీడీఎఫ్‌లను పబ్లిక్ టెలిగ్రామ్ ఛానల్‌లో పెట్టడం. ఇవి లైసెన్సు ఉల్లంఘనలు. ప్రచురణకర్త గమనిస్తే ఒక్కడి కోసం కాలేజీ అంతటికీ తలుపు మూస్తాడు. పిల్లలకు ఫైలు బదులు డీఓఐ పంపండి, వాళ్ల ఐడీతో వాళ్లే తెరుచుకుంటారు. అప్పుడు వాడకం లెక్కలోకి కూడా వస్తుంది.

“నాక్ ఫైలు కోసమే”

నాక్ పరిశీలనలో లైబ్రరీ ఈ-వనరుల చందా, వాడకం అడుగుతారు, నిజమే. చందా రసీదు ఫైలులో పెట్టి ఐడీలు పంచని కాలేజీలూ ఉన్నాయి. అది చందా తప్పు కాదు, పంచకపోవడం తప్పు. ఐడీలు ఇచ్చిన వారంలోనే ఒక చిన్న పని పెట్టండి. ప్రతి విద్యార్థికీ వేరువేరు డీఓఐ ఇచ్చి, ఆ వ్యాసంలో రెండో పట్టికలో ఏముందో రెండు వాక్యాల్లో రాసి తెమ్మనండి. పట్టిక సారాంశంలో కనిపించదు, లాగిన్ అయి లోపలికి వెళ్లినవాడే రాయగలడు. ఎవరి ఐడీ పనిచేయడం లేదో కూడా ఆ రోజే బయటపడుతుంది. ఆ పేర్ల జాబితా సాయంత్రానికల్లా లైబ్రేరియన్ బల్ల మీద ఉండాలి.