429,49,67,297 గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు గారి దివ్యసముఖమునకు, శ్రీకాకుళం నుంచి ఒక విశ్రాంత లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, నిన్నటి ఆదివారం నుంచి నాకు కుశలం లేదు.

తమరు ప్రధాన సంఖ్యేనా అని మనవరాలు అడిగింది. వరుసగా 1, 2, 4, 8, 16 రెండ్లను హెచ్చవేసి ఒకటి కలిపితే వచ్చే తమ అన్నలు 3, 5, 17, 257, 65537 ఐదుగురూ ప్రధాన సంఖ్యలే కనుక, 32 రెండ్లను హెచ్చవేసి ఒకటి కలిపితే వచ్చే తమరూ అంతేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా అంతటివాడే నమ్మాడు. ఫోను ముట్టకుండా తేలుస్తానని పంతం పట్టి, అరసవల్లి దర్శనం మానుకొని, కరెంటు పోయిన గదిలో పాత శుభలేఖల వెనుక భాగించుకుంటూ కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు 997 దాటి, ప్రధాన సంఖ్యేనని తీర్పు చెప్పాను. (తమ వర్గమూలం దాకా, అంటే 65536 లోపు ఉన్న 6542 ప్రధాన సంఖ్యలతోనూ చూస్తే తప్ప ఆ మాట అనరాదని ముప్పై అయిదేళ్లు పిల్లలకు చెప్పినవాడిని నేనే.) మనవరాలు ఫోను చూసి, "641 తాతయ్యా" అంది.

641తో నేను భాగించానండీ! పసుపు అంటిన శుభలేఖ మూలన ఆ లెక్క ఇంకా ఉంది. 4294లో ఆరుసార్లు పోగా 448. 9 దింపితే 4489, ఏడుసార్లు పోగా 2. 6 దింపితే 26, చాలదు, సున్న. 7 దింపి ఉంటే 267, అదీ చాలక మరో సున్న వచ్చేది. ఆ రెండో సున్న దగ్గర 7ను వదిలేసి దాని పక్కనున్న 2ను దింపాను. చివరికి శేషం 16 వచ్చింది. భాగఫలం నడిమధ్యలో రెండు సున్నలను పక్కపక్కనే దాచుకోవడం ఏం మర్యాద? బడిపిల్లలు బోల్తా పడేది అక్కడేనని నీకు తెలియదా?

నిన్ను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజానికి ఒకటి కలిపినదే కావాలని గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. అంటే 193, 257, 449, 577, ఆపైన 641. అయిదో దెబ్బకే దొరికేదానివి. ఆయన 1732లోనే నిన్ను రెండు ముక్కలు చేశాడు. నేను 115 ప్రధాన సంఖ్యలు దాటి వచ్చి, తలుపు తట్టి కూడా తిరిగిపోయాను. నీకు ఒకటి తక్కువైన పొరుగు సంఖ్య 32 బిట్ల కంప్యూటర్లలో ఊడిగం చేస్తోంది. 17 భుజాల బొమ్మను స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని 1796లో గణితవేత్త గౌస్ చూపాక మీ అన్నకు పేరొచ్చింది. నీ వల్ల ఎవరికేం ఒరిగింది, నా పరువు పోవడం తప్ప?

రాత్రి నిద్ర పట్టక మళ్లీ చూశాను. 641 అంటే 5×128కి ఒకటి ఎక్కువ. 625, 16ల మొత్తం కూడా. 641తో భాగిస్తే మిగిలే శేషాలనే చూస్తే, 5×128 అంటే 641కి ఒకటి తక్కువ, అంటే −1 కనుక, దాని నాలుగో ఘాతం 1. ఆ ఘాతమంటే 625ను 28 రెండ్లతో హెచ్చవేసినదే. అందులో ఉన్న 625కు బదులు −16 (నాలుగు రెండ్ల లబ్ధానికి మైనస్) పెడితే, 32 రెండ్ల లబ్ధం −1 అయి కూర్చుంటుంది. దానికి ఒకటి కలిపితే మిగిలేది సున్న. ఒక్క భాగహారమైనా లేదు. నా తప్పుడు లెక్కలో మిగిలిందీ ఆ 16నే కావడం చూసి, చీకట్లో ఒక్కడినే నవ్వుకున్నాను.

ఇట్లు,
తమ 7ను దింపడం మరచిన
లెక్కల మాస్టారు