ఊరి గ్రూపులో రాజకీయం: ముందు ప్రశ్న మారాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దాదాపు ఊరికో వాట్సాప్ గ్రూపు ఉంటుంది. అందులో సగం మంది ఊళ్లో ఉండరు. ఒకరు హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉంటారు, ఒకరు విశాఖలో ఆటో నడుపుతుంటారు, ఇంకొకరు ఆర్మీలో, మరొకరు గుజరాత్ తీరంలో వెరావల్ బోట్ల మీద. ఊళ్లో ఎవరైనా పోయినా, అమ్మవారి పండగకి చందాలు ఎత్తినా, ఎవరికైనా అర్జంటుగా రక్తం కావాల్సి వచ్చినా కబురు అందేది ఆ గ్రూపులోనే. ఎన్నికల వేడి మొదలైందంటే అదే గ్రూపులో ఒకరి తండ్రిని ఒకరు తిట్టుకుంటారు.

నెట్‌లో రాజకీయాలు మాట్లాడేటప్పుడు ఎలా ఉండాలో చెప్పే సలహాలు చాలానే కనిపిస్తాయి. బ్లాక్ చేయండి, మ్యూట్ చేయండి, పట్టించుకోకండి అంటారు. అవి ముక్కూమొహం తెలియని వాళ్లతో గొడవ పడేవాళ్లకు పనికొస్తాయి. మన గొడవ అలాంటిది కాదు. రాత్రి బ్లాక్ చేసిన మనిషి తెల్లారేసరికి మన పొలం గట్టు మీద ఎదురవుతాడు. వచ్చే నెల వాళ్లింట్లో పెళ్లికి మనం వెళ్లాలి, మనింట్లో కష్టానికి వాళ్లు భుజం పట్టాలి. ఇంకో సంగతి కూడా ఉంది. దూరాన కూర్చుని టైపు చేసినవాడికి ఏమీ కాదు. ఆ మాటకి ఊళ్లో ఉన్న వాళ్ల నాన్న టీ కొట్టు దగ్గర సమాధానం చెప్పుకోవాలి. వాళ్లమ్మ బోరింగు దగ్గర ముభావంగా నిలబడాలి. గ్రూపుల్లో అందరికంటే ఘాటుగా రాసేది ఊరికి అందరికంటే దూరంగా ఉన్నవాళ్లేనని చాలా ఊళ్లలో చూశాను. ఊరి మీద ప్రేమతోనే రాస్తారు, కానీ ఆ మాట ఖరీదు కట్టేది వేరేవాళ్లు.

ఇది భాషకు సంబంధించిన సమస్య అని, నోరు అదుపులో పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. బూతులు ఒక్కటీ లేకుండా రోజుల తరబడి ఒకరినొకరు అవమానించుకున్న గ్రూపులున్నాయి. తప్పంతా మనం పట్టుకున్న ప్రశ్నలో ఉంది. మన రాజకీయ చర్చలన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తాయి: ఇది ఎవరు చేశారు? మా నాయకుడా, మీ నాయకుడా? ఆ ప్రశ్న ఒక్కసారి మధ్యలోకి వచ్చిందంటే ఏ జవాబైనా ఎవరో ఒకరి అభిమానం మీద దెబ్బే.

ఉద్దానాన్నే తీసుకుందాం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు తరాల మనుషుల్ని తినేసింది. ఎందుకొస్తోందో ఇప్పటికీ శాస్త్రం ఒక్కటే కారణం తేల్చి చెప్పలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు, పురుగుమందులన్నారు. కొబ్బరితోటల మధ్య నడుస్తుంటే పచ్చగా, చల్లగా ఉండే ఆ ఊళ్లలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు డయాలసిస్‌కి వెళ్లే కుటుంబాలున్నాయి. ఇంత బరువైన విషయం గ్రూపులోకి వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. నీళ్ల వార్త ఏదైనా ఒకరు పెట్టగానే ఇంచుమించు ఇలా నడుస్తుంది:

“ఆ పైపులైను ఎవరేయించారో తాగినప్పుడల్లా గుర్తుంచుకో మావా.”

“ఆస్పత్రి కట్టీసి డాక్టర్లు నేకపోతే ఏటి లాభం బావా? డయాలసిస్ సెంటర్లు ఎవరు పెట్టారో అది సెప్పు ముందు.”

“పింఛను పది వేలు ఎవరిచ్చారు? మర్చిపోనావేటి?”

ఈ మధ్యలో ఎవరో ఒక వదినో, అప్పో రాస్తుంది: “మా ఈదికి నాలుగు రోజులై నీరు నేదు. ఎవులికి సెప్పాల?” ఆ మెసేజ్ కింద జవాబు ఉండదు. పైన రెండు వందల మెసేజ్‌లు పోటాపోటీగా పడుతుంటాయి. నన్ను బాధపెట్టేది తిట్లు కాదు, ఆవిడకి ఎవరూ జవాబు చెప్పకపోవడం.

పోనీ ఆ ‘ఎవరు’ అనే ప్రశ్నకి నిజాయితీగా జవాబు వెతికితే ఏం దొరుకుతుంది? 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి కిడ్నీ రోగులతో కూర్చున్నాక ఉద్దానం రాష్ట్రమంతటా చర్చకొచ్చింది. అక్కడి డయాలసిస్ కేంద్రాలు, ఆర్‌వో ప్లాంట్లు తెలుగుదేశం ప్రభుత్వం ఉండగానే మొదలయ్యాయి. డయాలసిస్ రోగుల పింఛను 10,000 రూపాయలకు పెరిగింది 2019లో, జగన్ ప్రభుత్వం వచ్చాక. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రిని, సుమారు 700 కోట్ల రూపాయల మంచినీటి పథకాన్ని 2023 డిసెంబర్ 14న అదే ప్రభుత్వం ప్రారంభించింది. ఆ పథకానికి నీళ్లు వచ్చేది హిరమండలం రిజర్వాయరు నుంచి. ఆ రిజర్వాయరు ఉన్న వంశధార రెండో దశ పనులకు 2005లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో శంకుస్థాపన జరిగింది, తర్వాత వచ్చిన ప్రభుత్వాలు దాన్ని ముందుకు లాగాయి. వీళ్లందరి కంటే ముందు చెప్పుకోవాల్సిన వాళ్లు ఇంకొకరున్నారు. ఆ రిజర్వాయరు కోసం ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిపోయిన హిరమండలం చుట్టుపక్కల ఊళ్ల జనం. వాళ్ల పేరు ఏ పార్టీ పోస్టులోనూ ఉండదు.

అంటే మావ చెప్పిందీ నిజమే, బావ చెప్పిందీ నిజమే. ఇద్దరి చేతుల్లోనూ సగం సగం నిజం ఉంది, ఎవరి సగం వాళ్లు పట్టుకుని అవతలివాడు అబద్ధాలకోరు అంటున్నారు. భోగాపురం విమానాశ్రయం గురించి విజయనగరం వైపు నడిచే వాదన కూడా ఇదే. దానికి 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు ఒకసారి, 2023 మే 3న జగన్ ఒకసారి శంకుస్థాపన చేశారు. రెండు శిలాఫలకాలున్నప్పుడు ఎవరిది అసలైనదో తేల్చే వాదన ఎన్నేళ్లయినా నడుస్తుంది. భూములిచ్చినవాళ్ల పునరావాస కాలనీలో డ్రైనేజీ ఎలా ఉందో, వాళ్ల పిల్లలకి ఉద్యోగాలు ఎన్ని వచ్చాయో అడిగితే మాత్రం దానికి జవాబు ఉంటుంది. ఒకరు వెళ్లి చూసి రావచ్చు.

ఇక్కడ అభిమానం గురించి ఒక మాట చెప్పాలి. పార్టీ అభిమానాన్ని మూర్ఖత్వంగా చూసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఒక ఇంట్లో 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఇప్పటికీ జ్ఞాపకమే. ఇంకో ఇంట్లో అర్ధరాత్రి వచ్చిన 108 వల్ల బతికిన తాత ఉన్నాడు, ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజినీరింగు చదివిన కూతురు ఉంది. ఆ కృతజ్ఞత ఆ ఇంటి చరిత్ర. గ్రూపులో నాలుగు మెసేజ్‌లతో దాన్ని పడగొట్టాలని చూడటం వృథా, పైగా అన్యాయం కూడా. అభిమానాన్ని దాని మానాన వదిలి, కళ్లతో చూసి తేల్చుకోగల సంగతుల మీద వాదించాలి. “నీళ్లు ఏ వీధి వరకు వచ్చాయి?” అన్నదానికి రెండు పార్టీలవాళ్లూ ఒకే కుళాయి దగ్గరికి వెళ్లి ఒకే జవాబు తేవచ్చు. “ఎవరు గొప్ప?” అన్నదానికి ఆ వీలు లేదు.

మెత్తగా మాట్లాడమని మాత్రం నేను చెప్పడం లేదు. ఈ రెండు జిల్లాలు తెలుగునాట అతి పెద్ద వాదాల్లో ఒకదానికి పుట్టిల్లు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. గురజాడ అప్పారావు విజయనగరం మనిషి. ఇద్దరూ విజయనగరం బడిలో కలిసి చదువుకున్నారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయంలో విద్యార్థుల వ్యాసరచనకి ఏ భాష ఉండాలన్న చర్చ వచ్చినప్పుడు గురజాడ తన అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా రాసి ఇచ్చారు. అవతలి పక్షంలో జయంతి రామయ్య పంతులు లాంటి హేమాహేమీలున్నారు. గిడుగు ఏం చేశారో గమనించాలి. పాత వచన గ్రంథాలు తిరగేసి వాడుక రూపాలు ఏరి చూపించారు. గ్రాంథికమే రాయాలన్నవాళ్ల రాతల్లోనే వాళ్ల నియమాలు ఎక్కడెక్కడ తప్పాయో ఎత్తి చూపించారు. ఆ వాదం చాలా కటువుగా నడిచింది. అయినా అది మాట మీద, ఆధారం మీద నిలిచింది కాబట్టే వందేళ్ల తర్వాత కూడా చదివి నేర్చుకోదగ్గదిగా ఉంది. అప్పట్లో విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. గురజాడ 1915 నవంబరులో కన్నుమూశారు, తన పక్షం గెలవడం చూడలేదు. ఈ రోజు మనం గ్రూపులో కొట్టుకుంటున్నది కూడా ఆయన అడిగిన భాషలోనే.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. మర్యాదగా మాట్లాడమనే సలహా ఎప్పుడూ బలహీనుడికే ఇస్తారని, భూమి పోతున్నవాణ్ని గొంతు తగ్గించమనడం అన్యాయమని కొందరంటారు. సోంపేట గుర్తుంటే ఆ మాట నిజమేననిపిస్తుంది. అక్కడి బీల అనే చిత్తడి నేలలో థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డం పడితే 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మనుషుల ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న అలాంటి ప్లాంటు గొడవలోనే కాకరాపల్లిలో కాల్పులకు ఇంకొందరు బలయ్యారు. ఆ జనం కోపం న్యాయమైన కోపం. అయితే సోంపేటలో ఆ కోపానికి తోడుగా ఇంకొకటి ఉంది. కాగితాల్లో పనికిరాని భూమి అని రాసిన ఆ బీల నిజానికి ఏడాది పొడుగునా నీళ్లుండే తంపర అని, దాని మీద రైతులు, జాలర్లు బతుకుతున్నారని ఉద్యమం ఆధారాలతో చూపించింది. ఆ జూలైలోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ప్లాంటు వస్తే పిల్లలకు ఉద్యోగాలొస్తాయని ఆశపడ్డవాళ్లూ ఆ ఊళ్లలోనే ఉన్నారు, పక్కింటివాళ్లే. కోపం నిర్ణయం మీద, కాగితం మీద ఉండాలి. ఉద్యోగం కోసం ఆశపడ్డ పక్కింటివాడి మీదికి మళ్లితే అది ఎవరికీ న్యాయం చేయదు.

ఆధారం చేతికి రాకముందే తీర్పు ఇచ్చేయడం ఇంకో జబ్బు. 2020 డిసెంబరు చివర్లో రామతీర్థం బోడికొండ మీద కోదండరాముడి విగ్రహాన్ని ధ్వంసం చేశారన్న వార్త విని విజయనగరం జిల్లాలో కంటతడి పెట్టనివాళ్లు తక్కువ. ఆ బాధలో ఎవరు చేశారన్నది తెలియకముందే, ఏ పార్టీ చేయించిందన్నది ఫోన్లలో ఖాయమైపోయింది. రెండు బాణాల గుర్తుతో వచ్చే మెసేజ్ ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని ఒకేసారి ఒక్క చాట్‌కి మించి పంపకుండా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లోనే కట్టడి పెట్టింది. కట్టడి పెట్టగలిగింది వేగానికే. మనసు బాగా కాలినప్పుడు వచ్చిన వార్తను ఒక పూట ఆపి చూడటం మనుషులు చేయాల్సిన పని.

కేసుల సంగతి కూడా పిల్లలకి చెప్పాలి. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది కాబట్టి ఇక భయం లేదనుకోవడం పొరపాటు. పోస్టుల మీద కేసులు పెట్టడానికి వేరే సెక్షన్లు ఉన్నాయి. మన రాష్ట్రంలో ప్రభుత్వం ఎవరిదైనా అవి నమోదవుతూనే ఉన్నాయి, మారేది ఎటువైపు వాళ్ల మీద అన్నదే. పై నాయకులకి లాయర్లుంటారు. డిగ్రీ చదివే కుర్రాడు మాత్రం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి, కానిస్టేబుల్ ఉద్యోగానికో ఆర్మీ రిక్రూట్‌మెంటుకో పెట్టుకున్న ఆశ మీదికి తెచ్చుకోవాలి.

ఆచరణలో నేను అడిగేవి కొద్దే. గ్రూపులో ఒకరి పింఛను, ఒకరి కులం, ఒకరి ఇంటి ఆడవాళ్ల ఊసు వాదనలోకి లాగకూడదు. దీన్ని అడ్మిన్ రూలుగా పెట్టి, తమ పార్టీవాళ్ల మీద ముందు అమలు చేయాలి. “తిట్టొద్దు బావూ” అని సొంత పక్షం కుర్రాడితో అనగలిగిన పెద్దమనిషి ఒక్కడుంటే గ్రూపు మారుతుంది, అవతలి పక్షంవాడు వంద సార్లు చెప్పినా మారదు. వాదన ముదిరితే గ్రూపులో ఆపేసి ఫోన్ చేయాలి. గొంతు వినపడగానే “ఏటి మావా, ఇంత కోపమా?” అన్న మాట తనంతట తానే వస్తుంది, టైపు చేసేటప్పుడు అది రాదు.

ఇప్పుడు మళ్లీ పంచాయతీ ఎన్నికల మాట వినబడుతోంది. కిందటిసారి 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మన చట్టం ప్రకారం సర్పంచి ఎన్నికకి పార్టీ గుర్తులుండవు. ఊరికి ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయో, ఏ పనికి ఎంత ఖర్చు రాశారో ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో పంచాయతీ పేరు కొడితే కనిపిస్తుంది. దూరాన ఉన్న పిల్లలకి స్మార్ట్‌ఫోను ఉంది, చదువు ఉంది, ఆ లెక్క తీసి గ్రూపులో పెట్టడం వాళ్లకి పెద్ద పని కాదు. కాలువ కట్టామని రాసిన వీధిలో కాలువ ఉందో లేదో ఊళ్లో ఉన్నవాళ్లు ఫొటో తీసి పెడతారు. అక్కడ తేడా కనబడితే రెండు పార్టీలవాళ్లూ సర్పంచిని గట్టిగా నిలదీయవచ్చు. నాలుగు రోజులై నీళ్లు రాని వీధిలో ఉన్న ఆ వదినకి కూడా అప్పుడు ఒక జవాబు దొరుకుతుంది.